ఉప్పుగాలిలో పాత కారు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల మా శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పదేళ్లు దాటిన చిన్న కార్ల గురించినవే. అన్నింటికీ విడివిడిగా జవాబివ్వడానికి చోటు చాలదు కనుక, ఒకే సమస్యను పలువురు అడిగినప్పుడు వారిలో ఒకరి ఉత్తరాన్నే తీసుకున్నాము. కింద చెప్పిన ఖర్చులు విశాఖపట్నంలోని గాజువాక ఆటోనగర్ వంటి చోట్ల ప్రైవేటు షెడ్లలో అయ్యే ఉజ్జాయింపు మొత్తాలు. కంపెనీ సర్వీస్ సెంటరులో అదే పనికి లేబరు ఎక్కువ పడుతుంది. సామాను బ్రాండును బట్టి కూడా ధర మారుతుంది.

ప్రశ్న: లాసన్స్ బే కాలనీలో మొదటి నుంచీ ఒకే యజమాని దగ్గరున్న 2012 మోడల్ వ్యాగన్ ఆర్ పెట్రోలు కారును 1,80,000 రూపాయలకు బేరం కుదుర్చుకున్నాను. మీటరులో 62,000 కిలోమీటర్లు ఉంది. తెలిసిన మెకానిక్ నడిపి చూసి ఇంజిన్ బ్రహ్మాండంగా ఉందన్నారు. అడ్వాన్సు ఇచ్చే ముందు ఇంకా ఏమేం చూసుకోవాలి?
– ఒక పాఠకుడు, కూర్మన్నపాలెం

జవాబు: ఇంజిన్ విషయంలో మీ మెకానిక్ గారి మాట నమ్మవచ్చు. ఆ మోడల్‌లో వచ్చే 998 సీసీ, మూడు సిలిండర్ల కే-సిరీస్ ఇంజిన్ గట్టిది. అందులో వాల్వులను సరైన వేళకు తెరిపించే టైమింగ్ బెల్టుకు బదులు చెయిన్ ఉంటుంది కనుక, ఆయిల్ వేళకు మార్చిన బండిలో ఆ ఖర్చు కూడా తొందరగా రాదు. అయితే మన ఊళ్లో పాత కారు కొనేటప్పుడు ఇంజిన్ చూడడం రెండో పని. ముందు చూడవలసింది బాడీ, అందులోనూ నిలబడి చూస్తే కనిపించని అడుగుభాగం. ఇంజిన్ ఎంత పాడైనా డబ్బు పెడితే దారికి వస్తుంది. కుదుపులను తట్టుకునే సస్పెన్షన్ బిగించే చోట తుప్పు తినేసిన బాడీకి మాత్రం ఎంత పెట్టినా మునుపటి బలం రాదు.

సముద్రపు గాలితో వచ్చే సన్నని ఉప్పు తుంపర కారు అడుగునా, మడ్‌గార్డుల లోపలి వైపునా పేరుకుంటుంది. ఉప్పుకు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉండడం వల్ల వాన పడని రోజుల్లో కూడా ఆ చోటు చెమ్మగానే ఉండి, పెయింటు లేచిన ప్రతి గీత దగ్గరా తుప్పు మొదలవుతుంది. అందుకే బీచ్ రోడ్డుకు దగ్గరగా ఆరుబయట నిలిపిన కారుకూ, పెందుర్తిలో పైకప్పు కింద నిలిపిన కారుకూ ఒకే ఏడాది రిజిస్ట్రేషన్ ఉన్నా రెండింటి వయసూ ఒకటి కాదు. మీరు చూసిన బండి లాసన్స్ బే కాలనీలో ఇన్నేళ్లుగా ఉన్నదే అయితే, రాత్రిళ్లు దాన్ని ఎక్కడ నిలిపేవారో యజమానిని తప్పకుండా అడగండి.

వాటర్ సర్వీసింగ్ చేసే చోట ఏదో ఒకదానికి తీసుకెళ్లి కారును లిఫ్ట్ మీదికి ఎక్కించి, చేతిలో టార్చి లైటు పట్టుకుని కింద నిలబడండి. డోర్ల కింద పొడవునా ఉండే రన్నింగ్ బోర్డు అంచులనూ, ముందు చక్రాలను పట్టి ఉంచే లోయర్ ఆర్మ్‌లు బిగించే అడ్డు దూలమైన క్రాస్ మెంబర్‌నూ, వెనుక యాక్సిల్ బిగించే చోటునూ, బ్రేక్ పైపులనూ వరుసగా చూడాలి. ఎర్రటి పొడిలా పైపైన ఉన్న తుప్పుకు భయపడనక్కర్లేదు. తాళం చెవి మొనతో కాస్త గట్టిగా నొక్కినప్పుడు పొరలు పొరలుగా ఊడివచ్చినా, రేకు లోపలికి దిగినా అది లోతైన తుప్పు. తరువాత డిక్కీలో మ్యాటు ఎత్తి, స్టెప్నీ బయటికి తీసి, ఆ గుంటలో నీరు నిలిచిన మరకలున్నాయేమో చూడండి. డోర్ల అడుగున నీరు కారిపోవడానికి చిన్న రంధ్రాలు ఉంటాయి. అవి మట్టితో పూడుకుపోతే వాన నీరు డోరు లోపలే నిలిచి రేకును లోపలి నుంచి తింటుంది, పైన పెయింటు పొక్కులు లేచే నాటికి లోపల పని పూర్తయిపోయి ఉంటుంది.

అమ్మకానికి పెట్టిన పాత కారుకు అడుగున నల్లటి అండర్ కోటింగ్, అంటే తుప్పు పట్టకుండా పూసే పూత, కొత్తగా, నిగనిగలాడుతూ కనిపిస్తే సంతోషించకండి. తుప్పు గోకకుండా దాని మీదే కోటింగ్ కొట్టించడం అమ్మేవాళ్లకు తెలిసిన పాత చిట్కా. బయటి బాడీ మీద సొట్టలు పూడ్చే పుట్టీ ఎక్కడెక్కడ పెట్టారో తెలుసుకోవడానికి పలచటి గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం చాలు. పుట్టీ మందంగా ఉన్న చోట అది అంటుకోదు. 2012 బండి కనుక 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్‌ తుపానును కూడా అది చూసే ఉంటుంది. ఆ రోజు చెట్లు విరిగిపడి నగరంలో ఎన్నో కార్ల పైకప్పులు నుజ్జయ్యాయి. రూఫ్ మీద, అద్దాల పక్కనున్న పిల్లర్ల మీద పెయింటు ఛాయలో తేడా ఉంటే అడిగి తెలుసుకోవాలి. రూఫ్‌కు పెయింటు పడిందన్నంత మాత్రాన బండి వద్దనుకోనక్కర్లేదు కానీ పిల్లర్ వంచి సరిచేసిన బండి జోలికి వెళ్లకండి.

ఖర్చుల సంగతికి వస్తే, పైపై తుప్పును గోకించి, ప్రైమర్ కొట్టించి, ఆ మీదట అండర్ కోటింగ్ చేయించడానికి 4,000 నుంచి 6,000 వరకు అవుతుంది. రన్నింగ్ బోర్డును కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయిస్తే రేకు పని (టింకరింగు), పెయింటింగు కలిపి ఒక్కో వైపునకు 7,000 నుంచి 12,000 వరకు అడుగుతారు. ఈ రెండూ బేరంలో తగ్గించుకోగలిగిన ఖర్చులే. క్రాస్ మెంబర్ బిగించే చోట్లు గానీ, షాక్ అబ్జార్బర్ పై భాగాన ఉండే బాడీ గానీ తినేసి ఉంటే, లక్ష రూపాయలకు ఇస్తామన్నా ఆ కారు తీసుకోవద్దని మా సలహా.

ఇక 62,000 కిలోమీటర్ల మాట. ఏడాదికి అయిదు వేల కిలోమీటర్లకు మించి తిరగని బండ్లు విశ్రాంత ఉద్యోగుల ఇళ్లలో నిజంగానే దొరుకుతాయి. అయితే అంత తక్కువ తిరిగిన కారులో క్లచ్ పెడల్ రబ్బరు అరిగి నున్నబడి ఉండకూడదు, డ్రైవరు సీటు అంచు నలిగి ఉండకూడదు. సర్వీసు బిల్లుల్లో రాసిన కిలోమీటర్లతో మీటరును పోల్చి చూడండి. టైరు పక్కన ఉండే నాలుగంకెల సంఖ్యలో మొదటి రెండంకెలు వారాన్ని, చివరి రెండంకెలు సంవత్సరాన్ని చెబుతాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. ఆరేళ్లు దాటిన టైర్లకు అరుగుదల లేకపోయినా వాటిని మార్చుకోవలసిందే కాబట్టి నాలుగింటికీ కలిపి 14,000 నుంచి 18,000 వరకు ముందే లెక్కలో వేసుకోండి.

ప్రశ్న: మాది 2009 శాంత్రో జింగ్. ఎన్ఏడీ కూడలి నుంచి గాజువాక వెళ్లే దారిలో ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దగ్గరకు పోతోంది. ఒక మెకానిక్ థర్మోస్టాట్ తీసేస్తే సరిపోతుందని తీసేశారు. కొన్నాళ్లు బాగానే ఉంది, మళ్లీ మొదలైంది. ఇప్పుడు ఇంజిన్ పైభాగమైన హెడ్ విప్పాలంటున్నారు. విప్పించమంటారా?
– ఒక పాఠకురాలు, గోపాలపట్నం

జవాబు: ఇప్పుడే వద్దండి. హెడ్ విప్పడం చివరి మెట్టు, దానికి ముందు ఎక్కవలసిన మెట్లు చాలా ఉన్నాయి.

బండి ఎప్పుడు వేడెక్కుతుందన్నదే ఇక్కడ అసలు ఆధారం. హైవే మీద గాలి బాగా తగులుతున్నప్పుడు ముల్లు సగం దగ్గరే నిలిచి, ట్రాఫిక్‌లో ఆగినప్పుడు మాత్రమే పైకి పోతూ ఉంటే ముందుగా అనుమానించవలసింది రేడియేటర్ ఫ్యాన్‌ను. బండిని స్టార్టు చేసి ఒక చోట నిలిపి ఉంచండి. ముల్లు సగం దాటినా ఫ్యాన్ తిరగకపోతే ఫ్యూజు, రిలే, సెన్సరు, ఫ్యాన్ మోటారు ఈ వరుసలో చూడమనండి. రిలే, సెన్సరు వందల్లో పోయేవి. మోటారు మార్చవలసి వచ్చినా 2,000 నుంచి 3,500 లోపు తేలిపోతుంది. ఏసీ వేయగానే అదే ఫ్యాన్ తిరుగుతూ, ఏసీ లేకుండా తిరగకపోతే మోటారు బాగున్నట్టే.

అలా కాక హైవే మీద వేగంగా పోతున్నప్పుడు కూడా వేడెక్కుతుంటే రేడియేటర్ లోపల మూసుకుపోయి ఉంటుంది, లేదా వాటర్ పంపు బలహీనపడి ఉంటుంది. ఏళ్ల తరబడి కూలెంటుకు బదులు బోరు నీళ్లు పోసిన బండ్లలో ఇది మామూలే. బోరు నీటిలోని ఉప్పు, సున్నం రేడియేటర్ సన్నని గొట్టాల్లో పేరుకుపోతాయి. రేడియేటర్ మార్చడానికి 3,500 నుంచి 5,500 వరకు, వాటర్ పంపుకు లేబరుతో కలిపి 2,000 నుంచి 3,500 వరకు అవుతుంది. రేడియేటర్ మూతను చిన్న వస్తువని తీసిపారేయకండి. అందులోని స్ప్రింగు సడలితే వ్యవస్థలో ఒత్తిడి నిలవదు, ఒత్తిడి నిలవకపోతే కూలెంటు మామూలు కన్నా తక్కువ వేడికే మరుగుతుంది. ఆ మూత ఖరీదు మూడు నాలుగు వందలకు మించదు. బండి వేడిగా ఉన్నప్పుడు మాత్రం దాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పవద్దు. మరిగే నీరు ముఖాన చిమ్ముతుంది.

థర్మోస్టాట్ తీసేయడం మన షెడ్లలో ఆచారంలా స్థిరపడిపోయింది. ఇది తప్పుడు వైద్యం. ఇంజిన్ తగినంత వేడెక్కేదాకా కూలెంటును ఆపి, ఆ తరువాత వదలడం థర్మోస్టాట్ పని. అది లేకపోతే ఇంజిన్ ఎంతసేపటికీ పని చేయవలసిన వేడికి చేరదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, అసలు రోగమేమో కొన్నాళ్లు మరుగున పడి మరింత ముదిరి బయటపడుతుంది. మీ బండి విషయంలో జరిగింది అదే. కొత్తది 600 నుంచి 1,200 వరకు ఉంటుంది, వేయించండి.

హెడ్ కింద లీకు ఆపే పొర, అంటే హెడ్ గ్యాస్కెట్, పోయిందనడానికి గుర్తులు వేరు. బయట ఎక్కడా కారకుండానే కూలెంటు తగ్గిపోవడం, చల్లగా ఉన్న ఇంజిన్‌ను మూత తీసి స్టార్టు చేసినప్పుడు రేడియేటర్‌లో బుడగలు ఆగకుండా రావడం, ఆయిల్ పోసే మూత లోపల పాలు కలిపిన టీ రంగులో జిగురు కనిపించడం, సైలెన్సరు నుంచి తెల్లటి పొగ ఆగకుండా రావడం – వీటిలో రెండైనా ఉంటేనే హెడ్ విప్పించండి. ఆ పనికి గ్యాస్కెట్ సెట్టు, లేత్‌లో హెడ్ అడుగును చదును చేసే ఫేసింగ్, లేబరు కలిపి 9,000 నుంచి 15,000 వరకు అవుతుంది. ఫేసింగ్ ఎందుకు, అనవసరం అనే మెకానిక్ చేతికి ఆ పని ఇవ్వకండి. అల్యూమినియం హెడ్ వేడికి వంగి ఉంటే కొత్త గ్యాస్కెట్ కూడా నిలవదు.

మరొక మాట. మీ ఇంజిన్‌లో ఉన్నది టైమింగ్ బెల్టు. 2009 నాటి బండికి అది ఎప్పుడు మార్చారో బిల్లు లేకపోతే, మార్చలేదనే అనుకుని టెన్షనర్‌తో సహా మార్పించండి. దానికి 3,500 నుంచి 5,500 వరకు అయ్యే ఖర్చుకు వెనకాడితే, అది దారిలో తెగి వాల్వులు వంగిన రోజున నాలుగైదు రెట్లు పెట్టవలసి వస్తుంది.

ప్రశ్న: మూడేళ్లుగా ప్రతి వేసవిలో ఏసీ గ్యాస్ పట్టిస్తున్నాను. రెండు మూడు నెలలకే చల్లదనం పోతోంది. పాత కారులో గ్యాస్ త్వరగా అయిపోతుందని చెబుతున్నారు. నిజమేనా? మాది 2011 ఐ10.
– ఒక పాఠకుడు, పెదవాల్తేరు

జవాబు: ఏసీ గ్యాస్ పెట్రోలులాగా మండి ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. ఏళ్ల మీద రబ్బరు గొట్టాల నుంచి కొద్దిగా తగ్గవచ్చేమో కానీ, రెండు మూడు నెలల్లో పోయిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు వెతకకుండా గ్యాస్ పట్టిస్తే ఒక్కోసారికి 1,500 నుంచి 2,500 వరకు గాలిలో కలిసిపోతుంది. గ్యాస్‌తో పాటు కంప్రెసర్‌కు కావలసిన ఆయిల్ కూడా కొంత బయటికి పోతుంది కనుక, చివరికి 12,000 నుంచి 18,000 వరకు అయ్యే కంప్రెసర్ మీదికి వస్తుంది.

ఈసారి గ్యాస్ పట్టించే ముందు నైట్రోజన్‌తో ప్రెషర్ పెట్టి లీకు చూడమని అడగండి. పెదవాల్తేరులో ఉంటున్నారు కాబట్టి మొదటి అనుమానం గ్యాస్‌ను చల్లబరిచే కండెన్సర్ మీద పెట్టవచ్చు. అది బండి ముందు భాగంలో రేడియేటర్‌కు ముందు ఉండి, ఉప్పుగాలిని నేరుగా ఎదుర్కొంటుంది. దాని సన్నని అల్యూమినియం రేకులు చేత్తో తాకగానే పొడిపొడిగా రాలిపోతుంటే మార్చవలసిందే. గ్యాస్‌తో కలిపి 6,000 నుంచి 9,000 వరకు అవుతుంది. లీకు డ్యాష్‌బోర్డు లోపలి కూలింగ్ కాయిల్‌లో ఉంటే లేబరే రెండు మూడు వేలు తింటుంది. డ్యాష్‌బోర్డు విప్పినప్పుడు బ్లోయర్ కూడా శుభ్రం చేయించుకోండి, మళ్లీ మళ్లీ విప్పే పని అది కాదు. వారానికి ఒకసారి మంచినీళ్ల పైపుతో కండెన్సర్ మీద, కారు అడుగున మెల్లగా నీళ్లు కొట్టించడం సముద్రానికి దగ్గరలో ఉన్న వారందరికీ మంచిది.

ప్రశ్న: 2011 స్విఫ్ట్ పెట్రోలు కారులో కుటుంబంతో అరకు వెళ్లాము. అనంతగిరి ఘాట్‌లో ఎక్కేటప్పుడు కాలిన వాసన వచ్చింది, దిగేటప్పుడు బ్రేకు పెడల్ మెత్తబడింది. ఇంటికి వచ్చాక అంతా మామూలుగానే ఉంది. చూపించాలా?
– ఒక పాఠకుడు, పెందుర్తి

జవాబు: రెండూ చూపించాలి, బ్రేకు మరీ ముందు. బ్రేక్ ఆయిల్ తేమను పీల్చుకుంటుంది. పాతబడిన ఆయిల్‌లో చేరిన నీరు బ్రేకుల వేడికి ఆవిరై పెడల్‌ను మెత్తబరుస్తుంది. బల్లపరుపు రోడ్డు మీద బ్రేకులు అంత వేడెక్కవు కాబట్టి ఇంటికి వచ్చాక బాగున్నట్టు అనిపించింది. రెండేళ్లకు ఒకసారి ఆ ఆయిల్ మార్చాలి, గాలి తీయించడంతో కలిపి 800 నుంచి 1,200 వరకు అవుతుంది. ప్యాడ్లు అరిగి ఉంటే మరో 1,500 నుంచి 2,500 వరకు. ఘాట్ దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి, పొదుపు కోసం న్యూట్రల్‌లో వదలకండి.

కాలిన వాసన క్లచ్‌ది. క్లచ్ మిగిలిందో లేదో తెలుసుకోవడానికి, ఖాళీ స్థలంలో హ్యాండ్ బ్రేక్ గట్టిగా వేసి, మూడో గేరులో పెట్టి, క్లచ్ మెల్లగా వదలండి. ఇంజిన్ వెంటనే ఆగిపోతే ఇంకా పట్టు ఉంది, ఆగకుండా తిరుగుతూ ఉంటే క్లచ్ జారుతోంది. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మూడూ ఒకేసారి వేయించండి; లేబరుతో 6,500 నుంచి 9,000 వరకు అవుతుంది. ప్లేటు ఒక్కటే మారిస్తే రెండు వేలు మిగులుతాయనే వారుంటారు, కానీ గేర్ బాక్సు దింపే లేబరు మళ్లీ ఇచ్చుకోవలసి వస్తుంది.

ప్రశ్న: స్టీరింగ్ పూర్తిగా తిప్పి మలుపు తిరిగినప్పుడు ముందు చక్రం దగ్గర టక్ టక్ మని శబ్దం వస్తోంది. గుంతల్లో మాత్రం ఏ శబ్దమూ లేదు.
– ఒక పాఠకుడు, కంచరపాలెం

జవాబు: మలుపులో టక్ టక్ మంటే చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్ట్ చివరనుండే సీవీ జాయింటు. దాని మీది రబ్బరు బూటు చిరిగి, గ్రీజు బయటికి పోయి, మట్టి లోపలికి చేరి ఉంటుంది. బూటు చిరిగిన తొలి రోజుల్లోనే చూసుకుంటే 700 నుంచి 1,200 లోపు తేలేది. శబ్దం మొదలైంది కాబట్టి జాయింటుకు 2,500 నుంచి 4,000 వరకు పెట్టాలి. గుంతల్లో కటకటమంటే స్ట్రట్ మౌంటు, లింక్ రాడ్డు, లోయర్ ఆర్మ్ బుష్‌ల వైపు చూడాలి కానీ మీ బండిలో ఆ బాధ లేదు.

ప్రశ్న: బంకుల్లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే ఇస్తున్నారు. 2010 ఆల్టోకు దానివల్ల నష్టమా?
– ఒక పాఠకురాలు, సీతమ్మధార

జవాబు: ఇంజిన్ ఒక్కసారిగా పాడైపోదు. ఒక లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో కన్నా తక్కువ కాబట్టి మైలేజీ కొంత తగ్గుతుంది. అప్పటి కార్లలోని రబ్బరు పైపులూ సీళ్లూ ఈ మిశ్రమాన్ని దృష్టిలో పెట్టుకుని తయారైనవి కావు. అవి గట్టిపడి పగలడమో, ఉబ్బడమో జరగవచ్చు. బానెట్ తీసినప్పుడు పెట్రోలు వాసన వస్తే ఆలస్యం చేయకుండా పైపులు మార్పించండి. దాని కోసం వెయ్యి, పదిహేను వందలు ఖర్చయితే గొప్ప. ఇథనాల్‌కు నీటిని లాక్కునే గుణం ఉంది కనుక, బండిని నెలల తరబడి కదపకుండా సగం ట్యాంకుతో నిలిపి ఉంచవద్దు.

ప్రశ్న: మా నాన్నగారి ఏపీ 31 నంబరు కారుకు త్వరలో పదిహేనేళ్లు నిండుతున్నాయి. ఆర్‌సీ రెన్యువల్‌కు వెళ్లే ముందు ఎంత ఖర్చు పెట్టుకోవాలి? అసలు పెట్టడం దండగా?
– ఒక పాఠకుడు, మధురవాడ

జవాబు: సొంత కారుకు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు చెల్లుతుంది, ఆ తరువాత అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. గడువు తీరడానికి 60 రోజుల ముందు నుంచి ఫారం 25తో దరఖాస్తు చేసుకోవచ్చు. 2022 ఏప్రిల్ నుంచి ఇలా మొదటిసారి చేయించే కారు రెన్యువల్ ఫీజు 5,000 రూపాయలు. గడువు దాటితే నెలకు 500 చొప్పున అదనంగా పడుతుంది. వీటికి తోడు గ్రీన్ ట్యాక్స్ ఉంటుంది, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్లు అమలులో ఉండాలి. పెండింగు చలాన్లు ఉంటే ముందే కట్టేయండి.

రెన్యువల్‌కు ముందు బండిని తనిఖీ చేస్తారు. లైట్లు, ఇండికేటర్లు, హారన్, వైపర్లు, బ్రేకులు, హ్యాండ్ బ్రేక్, టైర్లు, సీటు బెల్టులు బాగుండాలి, ఛాసిస్ నంబరు చదవడానికి వీలుగా కనిపించాలి. ఆ నంబరు మీద తుప్పు పట్టి అంకెలు చెరిగిన బండ్లు మన దగ్గర తక్కువేమీ కాదు కాబట్టి, ఇంట్లోనే గుడ్డతో మెల్లగా తుడిచి ఒకసారి చదివి చూడండి. సాండ్‌పేపరుతో రుద్దకండి, ఉన్న అంకెలు కూడా పోతాయి.

దండగా కాదా అన్నది తేల్చడానికి, పైన కూర్మన్నపాలెం పాఠకునికి చెప్పిన విధంగా బండిని లిఫ్ట్ మీదికి ఎక్కించండి. అడుగు గట్టిగా ఉంటే, 30,000 వరకు పెట్టి బ్రేకులు, టైర్లు, గొట్టాలు బాగుచేయించుకుని మరో అయిదేళ్లు నడుపుకోవచ్చు. ఆ డబ్బుతో బయట దొరికే కారేదీ నాన్నగారు చూసుకున్న బండి కన్నా నమ్మకంగా ఉండదు. అడుగు తినేసి ఉంటే రెన్యువల్ ఫీజు కట్టకండి. రిజిస్టర్డ్ స్క్రాపింగ్ కేంద్రంలో అప్పగించి బండి అప్పగించినట్టు చెప్పే డిపాజిట్ సర్టిఫికెట్ తీసుకుని, దాని ఆధారంగా ఆర్‌సీ రద్దు చేయించండి. కాగితం లేకుండా పాత ఇనుము వ్యాపారికి అమ్మితే రికార్డుల్లో ఆ బండి మీ నాన్నగారి పేరుతోనే మిగిలిపోతుంది.